నిజం చెప్పినవాళ్లకు నష్టం రాని ఏర్పాటు కావాలి

(హన్మకొండలో పర్యాటక రంగంలో పనిచేసేవారి ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గైడ్లు, లాడ్జీలు నడిపేవాళ్లు, ఆటో, క్యాబ్ డ్రైవర్ అన్నలు, టూరిజం చదువుతున్న పిల్లలు, ఇలా ప్రయాణికుల మీద ఆధారపడి బతికేవాళ్లంతా ఒకచోట కూర్చోవడం సంతోషంగా ఉంది. నేను ప్రజారోగ్యం వైపు నుంచి వచ్చిన మనిషిని. అయినా ఈ రోజు మందుల గురించి ఎక్కువ మాట్లాడను. అంటురోగం వచ్చినప్పుడు రాకపోకలు ఎందుకు ఆగిపోతాయి, ఆ దెబ్బ ఎవరి మీద పడుతుంది, మన ఓరుగల్లులో, మన ములుగులో దాన్ని ఎట్లా తగ్గించుకోవచ్చు అన్నదే నా విషయం.

రామప్పతో మొదలుపెడతాను. 2021 జులై 25న రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఆ రోజు మనమంతా స్వీట్లు పంచుకున్నాం. అయితే ఆ నిర్ణయం చేసిన యునెస్కో సమావేశం అసలు 2020లోనే చైనాలోని ఫుజౌ నగరంలో జరగాలి. కరోనా వల్ల ఏడాది వాయిదా పడింది. జరిగినప్పుడు కూడా సభ్యులు ఎవరి దేశంలో వాళ్లు కూర్చుని ఆన్‌లైన్‌లోనే మాట్లాడుకున్నారు. 1213 నాటి శాసనం ఉన్న గుడి అది. రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి రావాల్సిన పేరును కంటికి కనపడని ఒక వైరస్ ఏడాది పాటు ఆపింది. హోదా వచ్చిన రోజున విదేశీయుడెవరైనా చూడటానికి వద్దామనుకున్నా రాలేని పరిస్థితి. 2020 మార్చిలో ఆపేసిన టూరిస్టు వీసాలను మన దేశం మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టింది 2021 అక్టోబర్‌లోనే. 2019లో మన దేశానికి సుమారు 1 కోటి 9 లక్షల మంది విదేశీ పర్యాటకులు వచ్చారు. 2020లో 27 లక్షలు. రామప్పకు హోదా వచ్చిన 2021లో కేవలం 15 లక్షలు.

ఇంత పెద్ద పతనం చూశాక రోగమే పర్యాటకాన్ని చంపేసిందని అనిపించడం సహజం. కరోనా విషయంలో అది చాలావరకు నిజం కూడా. కానీ కరోనా లాంటిది నూరేళ్లకోసారి వస్తుంది. మిగతా రోగాల చరిత్ర చూస్తే ప్రయాణాలను ఎక్కువగా ఆపింది క్రిమి కన్నా భయమే. ఆ భయం ఎక్కడ పెరిగింది అని వెతుక్కుంటూ పోతే, ప్రతిచోటా నిజం చెప్పడం ఆలస్యమైన చోటే తేలుతుంది. ఎందుకు ఆలస్యం చేశారు? చెబితే నష్టపోతామని. నేను చెప్పదలచుకున్నది ఈ చివరి ముక్కే. దీనికి మనం మందు వెతకనంతకాలం ఎన్ని శానిటైజర్లు పెట్టినా లాభం లేదు.

సూరత్ సంగతి వినండి. అది మనకు దూరపు ఊరు అనుకోవద్దు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా మగ్గాల పనికి పోయిన ఊరు అది. 1994 సెప్టెంబర్‌లో అక్కడ ప్లేగు అన్న వార్త పొక్కింది. ఊపిరితిత్తులకు సోకే ప్లేగు. దగ్గితే అంటుకుంటుంది, వెంటనే మందు పడకపోతే మనిషి దక్కడు. కానీ టెట్రాసైక్లిన్ లాంటి మామూలు మందుకు లొంగుతుంది. ఈ రెండో మాట జనానికి సరిగ్గా చేరలేదు, మొదటిది మాత్రం గంటల్లో చేరింది. ఎంతమంది చనిపోయారో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. ప్రైవేటు డాక్టర్లే చాలామంది క్లినిక్‌లు మూసి ఊరు విడిచారు. డాక్టరే పారిపోయాక కూలివాడు ఆగుతాడా? కొద్దిరోజుల్లో లక్షలమంది రైళ్లెక్కి వెళ్లిపోయారు.

చనిపోయింది దేశం మొత్తం మీద యాభై పైచిలుకు మంది. ఒక్క ప్రాణమైనా తక్కువ కాదు, అది ఒప్పుకుంటాను. కానీ ప్రపంచం స్పందించిన తీరు చూడండి. గల్ఫ్ దేశాలు మన విమానాలను ఆపేశాయి. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్ పోయే మన పిల్లలకు ఆ రోజుల్లో ఎంత టెన్షనో ఊహించండి. వీసా చేతిలో ఉంటుంది, అప్పు నెత్తిమీద ఉంటుంది, విమానం ఉండదు. ప్రయాణాలు ఆపాల్సిన పని లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నా చాలా దేశాలు వినలేదు. ప్లేగు వచ్చింది సూరత్‌కైతే విదేశీయులు దేశమంతటికీ టికెట్లు క్యాన్సిల్ చేసుకున్నారు. ఎగుమతులు, పర్యాటకం అన్నీ కలిపి నష్టం సుమారు 200 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని తర్వాత అంచనాలు వచ్చాయి.

ఆ కథకు ఒక మంచి భాగం కూడా ఉంది. అది చెప్పకపోతే సూరత్‌కు అన్యాయం చేసినట్టే. మరుసటి ఏడాది అక్కడికి మున్సిపల్ కమిషనర్‌గా ఎస్.ఆర్. రావు వచ్చారు. అధికారులు రోజూ వీధుల్లో తిరగాలన్నారు. చెత్త, మురుగు, హోటళ్ల శుభ్రత మీద గట్టిగా పట్టుబట్టారు. రెండేళ్లు తిరగకముందే దేశంలో శుభ్రమైన నగరాలు ఏవంటే సూరత్ పేరు చెప్పే స్థితి వచ్చింది. పోయిన పేరు తిరిగొస్తుంది. అక్కడ దాన్ని తెచ్చింది మురుగు కాలువ పని. ప్రకటనలు ఆ తర్వాత సంగతి.

లాడ్జి యజమానులకు ప్రత్యేకంగా ఒక మాట. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల రోగం ప్రపంచానికి పాకిన తీరు మీరు తప్పక తెలుసుకోవాలి. ఆ రోగం చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో 2002 నవంబర్‌లోనే మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చైనా తెలియజేసింది ఫిబ్రవరిలో. అదే ఫిబ్రవరి 21న అక్కడి రోగులకు వైద్యం చేసిన ఒక డాక్టరు హాంకాంగ్‌లో ఒక హోటల్ తొమ్మిదో అంతస్తులో దిగాడు. ఆయనకు అప్పటికే జ్వరం. ఆ హోటల్లో ఆయన నుంచి అంటుకున్న అతిథులే వియత్నాం, సింగపూర్, కెనడాలోని టొరంటోలకు రోగాన్ని మోసుకెళ్లారు. మొత్తం 8 వేలకు పైగా కేసులు, 774 మరణాలు. ఏప్రిల్‌లో టొరంటో వెళ్లొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక ఇచ్చి వారం లోపే వెనక్కి తీసుకుంది. హెచ్చరిక తీసేసినంత తేలిగ్గా భయం పోలేదు. ఆ ఎండాకాలం అక్కడి హోటళ్లు వెలవెలబోయాయి.

దక్షిణ కొరియాలో 2015లో మెర్స్ అనే ఇంకో ఊపిరితిత్తుల రోగం వచ్చినప్పుడు ప్రభుత్వం మొదట్లో రోగులున్న ఆసుపత్రుల పేర్లు బయటపెట్టలేదు. జనం కంగారు పడతారని, ఆసుపత్రులు నష్టపోతాయని. ఫలితంగా ఏ ఆసుపత్రిని చూసినా జనానికి అనుమానమే. పేర్లన్నీ ప్రకటించింది జూన్ 7న. రోగం సోకింది 186 మందికి, చనిపోయింది 38 మంది. ఆ జూన్ నెలలో దేశానికి వచ్చే విదేశీయుల సంఖ్య అంతకుముందు ఏడాదితో పోలిస్తే నలభై శాతం పడిపోయింది. ఎబోలా కథ ఇంకా విచిత్రం. 2014లో అది వచ్చింది ఆఫ్రికా పడమటి కొసన ఉన్న గినియా, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో. జనం రద్దు చేసుకున్నది ఖండానికి అవతలి వైపున ఉన్న కెన్యా, టాంజానియా సఫారీలను. భూగోళం తెలియకపోవడం కూడా ఒక రోగమే అనిపిస్తుంది.

ఇక నిజం చెప్పినందుకు దెబ్బతిన్నవాళ్ల సంగతి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. 2021 నవంబర్ చివర్లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు కరోనా కొత్త రకాన్ని గుర్తించి, దాచకుండా, ఆలస్యం చేయకుండా ప్రపంచానికి చెప్పారు. అదే ఒమిక్రాన్. చెప్పిన ఒకటి రెండు రోజుల్లోనే వరసబెట్టి దేశాలు వాళ్ల విమానాలను ఆపేశాయి. డిసెంబర్ వాళ్లకు ఎండాకాలం. ఏడాదంతా ఎదురుచూసే టూరిస్టు సీజన్. అది కళ్లముందే పోయింది. అప్పటికే ఒమిక్రాన్ యూరప్‌లో కూడా ఉందని తర్వాత తేలింది. అంటే ముందు పరీక్ష చేసి చెప్పినవాడికి శిక్ష, చూడనివాడికి ఏమీ లేదు.

వాళ్లు ఆ రోజు చెప్పిన నిజం మనకెట్లా ఉపయోగపడిందో చూడండి. మేడారం జాతర 2022 ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా. ఒమిక్రాన్ గురించి మనకు తెలిసింది నవంబర్ చివర్లో. అంటే రెండున్నర నెలల ముందు. ఆ రకం ఎంత వేగంగా పాకుతుంది, ఎంత వేగంగా తగ్గుతుంది అన్నది దక్షిణాఫ్రికాలో ముందే కనపడింది. మన దేశంలో జనవరి మూడో వారంలో కేసులు శిఖరానికి చేరి, జాతర నాటికి బాగా దిగొచ్చాయి. జాతర జరపాలా వద్దా అని ఆలోచించిన ప్రతి అధికారి చేతిలో ఉన్న సమాచారానికి మొదటి మూలం ఆ దేశపు ల్యాబులు. వాళ్లు డిసెంబర్ సీజన్ పోగొట్టుకుని మనకు ఫిబ్రవరి జాతరకు దారి చూపించారు.

అంతకుముందు జాతర, 2020ది, ఫిబ్రవరి 5 నుంచి 8 దాకా జరిగింది. కేరళలో మొదటి కేసు జనవరి 30న వచ్చింది. తెలంగాణలో మొదటి కేసు మార్చి 2న బయటపడింది. ఆ రెంటి మధ్య సందులో మన తల్లుల జాతర జరిగిపోయింది. ఆ లెక్క వేసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఒక నెల అటూ ఇటూ అయ్యుంటే ఏమయ్యేదో చెప్పడానికి వైద్యం చదవక్కర్లేదు.

మార్చిలో అన్నీ మూతపడ్డాయి. 17న పురావస్తు శాఖ తన కట్టడాలన్నిటినీ మూసింది. మన కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప అన్నీ అందులోవే. 22న జనతా కర్ఫ్యూ. ఆ రోజు నుంచి ప్యాసింజర్ రైళ్లు లేవు, బస్సులు లేవు. పగలూ రాత్రీ హడావిడిగా ఉండే కాజీపేట జంక్షన్‌లో ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడి గతి ఏమిటి? హమాలీ గతి ఏమిటి? జిల్లాల్లో ఆర్టీసీ బస్సులు మే 19న కదిలాయి. గుళ్లు జూన్ 8న తెరుచుకున్నాయి. కట్టడాలు జులై 6 నుంచి. తలుపులు తెరిచారు సరే, జనం రావడానికి ఇంకా చాలా నెలలు పట్టింది. పెంబర్తి ఇత్తడి పనివాళ్లకు, కొత్తవాడ జంపఖానా నేసేవాళ్లకు ఎగ్జిబిషన్లే సంత. అవి లేకపోతే చేసిన సరుకు ఇంట్లోనే. వేములవాడలో కోడె మొక్కుల దగ్గర బతికేవాళ్లు, కొండగట్టు మెట్ల దగ్గర కొబ్బరికాయలు అమ్మే అమ్మలు, బొగత జలపాతం దగ్గర మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు, వీళ్లెవరూ ఏ పర్యాటక లెక్కల పుస్తకంలోనూ కనిపించరు. నష్టపరిహారం అనే మాట వచ్చినప్పుడు వీళ్ల పేరు రాయడానికి కాలమే ఉండదు.

అదే మార్చిలో కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా ప్రయాణికుల్లో పదిమందికి వైరస్ ఉన్నట్టు తేలింది. అక్కడ యంత్రాంగం దాచలేదు. ఆ ప్రాంతం చుట్టూ కట్టడి పెట్టి, ఇంటింటికీ తిరిగి సర్వే చేశారు. పని సరిగ్గా జరిగింది. కానీ కొన్ని వారాలపాటు కరీంనగర్ పేరు చెబితేనే జనం జంకారు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ మతం వాళ్లు అన్న చర్చ ఎక్కువైంది. రోగిని దొంగను చూసినట్టు చూస్తే రేపు జ్వరం వచ్చినవాడు చెప్పడు, గోలీ వేసుకుని బస్సెక్కుతాడు. ఇది దయాదాక్షిణ్యాల మాట అనుకోకండి, రోగాన్ని పట్టుకునే పద్ధతి గురించే చెబుతున్నా.

ఇప్పుడు అసలైన మన విషయానికి వస్తాను. పెద్ద వైరస్‌లు ఎప్పుడో వస్తాయి. జాతరల్లో మనల్ని ఏటా వెంటాడేది నీళ్ల రోగం. మన తాతలు గత్తర అన్నారు, డాక్టర్లు కలరా అంటారు. దాంతోపాటు పచ్చకామెర్లు, టైఫాయిడ్, వాంతులు, విరేచనాలు. గత్తర క్రిమి నోట్లోకి వెళ్లిన పన్నెండు గంటల నుంచి ఐదు రోజుల లోపు బయటపడుతుంది. అంటే మేడారంలో జంపన్న వాగు దగ్గర నీళ్లు తాగినవాడు జబ్బుపడేది ఎక్కడ? ఆసిఫాబాద్‌లోనో, గడ్చిరోలిలోనో, బస్తర్‌లోనో తన ఇంట్లో. నీళ్ల వల్ల వచ్చే పచ్చకామెర్లలో హెపటైటిస్ ఈ అని ఒకటుంది. అది రెండు నుంచి పది వారాల తర్వాత బయటపడుతుంది. అప్పటికి ఆ మనిషి జాతర సంగతే మరిచిపోతాడు. ఊళ్లో ఒకడికి, పక్క ఊళ్లో ఒకడికి వస్తే దాన్ని మేడారంతో ఎవరు కలుపుతారు? ఈ జబ్బు మామూలు వాళ్లకు తగ్గిపోతుంది. నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే మాత్రం నలుగురైదుగురిలో ఒకరు చనిపోయే ప్రమాదం ఉంది. జాతరకు గర్భిణులు రారా? మొక్కు చెల్లించడానికి వాళ్లే ముందుంటారు.

కాబట్టి జాతర నాలుగు రోజుల వైద్య శిబిరాలు చాలవు. శిబిరంలో చూసేది కాళ్లు బెణికినవాళ్లను, ఎండదెబ్బ తగిలినవాళ్లను. రోగం లెక్క తేలాలంటే జాతర తర్వాత పది వారాలపాటు చుట్టుపక్కల రాష్ట్రాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ప్రతి కామెర్ల రోగినీ ఒక్క ప్రశ్న అడగాలి: ఈమధ్య జాతరకు పోయొచ్చావా అని. దానికి కోట్ల ఖర్చు అక్కర్లేదు. రిజిస్టర్‌లో ఒక గడి గీస్తే చాలు.

నీళ్ల దగ్గర కూడా అంతే. కుళాయిలు బోలెడు పెడుతున్నారు, మంచిదే. చివరి కుళాయి దగ్గర నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రోగం పొడచూపితే 0.5. ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేశామంటే సరిపోదు. చివరి కుళాయి దగ్గర రంగు మారే చిన్న పరీక్ష చేసి, ఆ అంకెను ఆ కుళాయి పక్కనే బోర్డు మీద రాయాలి. అందరికీ కనపడేలా. భక్తుడు చదువుతాడు, తాగుతాడు. అంకె తగ్గితే పక్క కుళాయికి పోతాడు. తలనీలాలు తీసే చోట మనిషికో కొత్త బ్లేడు కూడా ఇట్లాంటిదే. రక్తం ద్వారా పాకే కామెర్లు వేరే ఉన్నాయి, అవి ఏళ్ల తరబడి వదలవు.

ఒక చిన్న విషయం, మన పిల్లలు ఆఫ్రికా దేశాలకు పనికి పోతున్నారు కాబట్టి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి టీకా కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. అది వేధింపు అనుకోకండి. ఆ రోగం మన దేశంలో లేదు, దాన్ని మోసే దోమ మాత్రం ప్రతి ఇంటి కూలర్‌లో ఉంది. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

మీ ప్రశ్నలకు వస్తాను.

(ఒక లాడ్జి యజమాని: "సార్, మీరు నిజం చెప్పమంటున్నారు. మా లాడ్జిలో ఫలానా రోగం ఉన్నవాడు దిగాడని చెబితే రేపట్నుంచి మా గేటు దగ్గరికి ఎవరొస్తారు?")

అన్నా, మీ ప్రశ్న న్యాయమైంది. ఈ రోజున్న పద్ధతిలో ఎవరూ రారు. అందుకే మీరు చెప్పరు. నేను మిమ్మల్ని తప్పుపట్టను. నేను అడిగేది ప్రభుత్వాన్ని. పొలంలో పంట పోతే బీమా మాట వస్తుంది. కోళ్ల ఫారంలో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను చంపితే రైతుకు పరిహారం ఇచ్చే పద్ధతి మన దేశంలో ఉంది. ఎందుకు పెట్టారు? ఇవ్వకపోతే రైతు చెప్పకుండా కోళ్లను అమ్మేస్తాడని. అదే సూత్రం లాడ్జికి, హోటల్‌కు, టీ కొట్టుకు ఎందుకు వర్తించదు? ముందుగా సమాచారం ఇచ్చి, మూసివేతకు ఒప్పుకున్నవాడికి ఆ రోజుల కిరాయి ప్రభుత్వం కట్టాలి. జాతర దుకాణాలకు వేలం పాడి డబ్బు కట్టినవాళ్లకు, జాతర ఆపితే ఆ డబ్బు తిరిగి రావాలి. ఇది రోగ నివారణ ఖర్చులో భాగంగానే చూడాలి. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. బాసర నుంచి ధర్మపురి, మంథని, కాళేశ్వరం దాకా మన ఒడ్డంతా జనమే. ఇప్పుడే మీ సంఘాల తరఫున కలెక్టర్లకు రాసి ఇవ్వండి. రోగం వచ్చాక అడిగితే వినే తీరిక ఎవరికీ ఉండదు.

(ఒక విద్యార్థిని: "ఏదైనా ఊళ్లో రోగం ఉందని వాట్సాప్‌లో వస్తే, ట్రిప్ క్యాన్సిల్ చేసుకోమని కస్టమర్లకు చెప్పాలా సార్?")

మంచి ప్రశ్న తల్లీ. ముందు మూడు సంగతులు కనుక్కో. ఆ రోగం గాలి ద్వారా వస్తుందా, నీళ్ల ద్వారానా, దోమ ద్వారానా? మనం పోయే చోటుకు అది ఎంత దూరం? ప్రభుత్వం చివరిసారి ఏ తేదీన ఏం చెప్పింది? 2018లో కేరళలో నిపా వైరస్ వచ్చినప్పుడు కేసులు కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో. మున్నార్‌కు పోయేవాళ్లు కూడా టికెట్లు రద్దు చేసుకున్నారు. అయితే అక్కడి అధికారులు ఎంతమందికి సోకింది, ఎవరెవరిని గమనిస్తున్నారు అన్నది రోజూ చెబుతూ వచ్చారు. కొత్త కేసు లేకుండా నలభై రెండు రోజులు గడవాలి అనే లెక్క పెట్టుకున్నారు. ఆ రోగం బయటపడటానికి పట్టే గరిష్ఠ కాలానికి అది రెట్టింపు. మన దగ్గర రోగం మొదలైందన్న వార్త మొదటి పేజీలో వస్తుంది, అయిపోయిందని ఎవరూ చెప్పరు. నువ్వు రేపు ట్రావెల్ ఆఫీసు పెడితే, అయిపోయిన తేదీని కూడా బోర్డు మీద రాయి. కస్టమర్ ఫోన్ చేసినప్పుడు ఆ తేదీ చెప్పు, పోయే చోట నీళ్ల సంగతి చెప్పు, ఆ తర్వాత నిర్ణయం వాళ్లకే వదిలెయ్యి.